ఫ్లాపీలో సత్యక్క పేరు

ముప్పై ఏళ్లు దాటింది. ఒక బరువు మోస్తున్నాను. మొదట్లో అది బరువని కూడా అనిపించలేదు, ఏదో చిన్న దడ అనుకున్నాను, కొన్నాళ్లకు తగ్గిపోతుందని అనుకున్నాను. తగ్గలేదు. ఉద్యోగాలు మారాను, ఊళ్లు మారాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను. ఆ బరువు మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఒకసారి రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి, కాజీపేటలో దిగిపోయేవాడే కదా అని, చెప్పబోయాను. నోరు తెరిచి ఎండల గురించి మాట్లాడి ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తీర్పు చెప్పమని అడగను. చివరిదాకా వినండి, అది చాలు.

ఆమె పేరు మార్చి రాస్తున్నాను. సత్యవతి అంటాను. అందరం సత్యక్క అనేవాళ్లం. అసలు పేరు రాయను. ఆ పేరును నేను ఒకసారి వాడుకున్నది చాలు.

ఎనభైల చివరి సంగతి. హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో, కంప్యూటర్ నేర్పే సెంటర్ ఒకటి ఉండేది. నాలుగు మెషీన్లు. ఊళ్లో ఏసీ ఉన్న గదులు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో మాది ఒకటి. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికి రావాలి. తొర్రూరు నుంచి, జనగామ నుంచి పొద్దున బస్సు దిగి పిల్లలు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. మెషీన్లలో ఇప్పటిలా అన్నీ లోపలే దాచుకునే ఏర్పాటు లేదు. అరచేతికన్నా కొంచెం పెద్దగా, పల్చగా, నల్లగా ఉండే ఫ్లాపీలే దిక్కు. మెషీన్ మొదలుపెట్టాలన్నా ఫ్లాపీ పెట్టాలి, పని దాచుకోవాలన్నా ఫ్లాపీయే.

నేను అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌ని. బీఎస్సీ చదివి, హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాను. మా నాన్నకు వరంగల్ బజార్లో ఇత్తడి గిన్నెల దుకాణం. కొడుకు కంప్యూటర్ నేర్పుతాడని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేవాడు.

సత్యక్క నాకంటే పన్నెండు పదమూడేళ్లు పెద్దది. శివనగర్‌లో వాళ్ల అమ్మతో ఉండేది. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు. పదో తరగతి పాసై, టైపు నేర్చుకుని, డెబ్బైల్లో ఒక పెద్ద కాలేజీ కంప్యూటర్ గదిలో పనిచేసింది. అప్పట్లో కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా అట్ట కార్డుల మీద రంధ్రాలు పొడిచి చెప్పాలి. ఆ రంధ్రాలు పొడిచే పని ఆమెది. పదేళ్లు పొడిచింది. కార్డులు పోయాక ఆ పనీ పోయింది. మా సెంటర్‌లో టైపు చేయడానికి చేరింది. ఇంగ్లీషులో నాలుగు మాటలు వరసగా మాట్లాడలేదు. కానీ తెర మీద వచ్చే ఇంగ్లీషు ఒక్క అక్షరం కూడా ఆమె కళ్లను దాటి పోయేది కాదు.

నేను చేరిన మొదటిరోజు కీబోర్డు మీద పెద్దగా చప్పుడు చేస్తుంటే నవ్వింది. "గట్ల గుద్దకు తమ్మీ. అది టైపు మిషిను కాదు, దానికి నొప్పైతది" అంది. నాకు హైదరాబాద్‌లో నేర్పని సంగతులెన్నో ఆమే నేర్పింది. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా, ఇంత ఆలస్యంగా ఒప్పుకోవడం వల్ల ఎవరికి లాభం అని అనిపిస్తోంది.

ఒకరోజు పొద్దున్నే ఆమె ఫ్లాపీలు ముందేసుకుని కూర్చుంది.

"తమ్మీ, జర ఇటు రా. ఇందుల మూడు కేబీ తక్కువొస్తాంది."

"మూడు కేబీకే పరేషానైతే ఎట్లక్కా? ఫ్లాపీ ఖరాబైనట్టుంది" అన్నాను.

"ఒక్కటైతే ఖరాబైంది అనుకుంట. ఏడు చూసిన. ఏడింట్లనూ మూడే తక్కువ. ఖరాబైతే అన్నీ ఒక్క తీరుగ అయితయా?"

తెర మీద ఆ ఫ్లాపీల పేరు వచ్చే చోట, దాన్నే లేబుల్ అంటారు, మేమెవరం రాయని ఒక మాట కనిపించింది. బ్రెయిన్ అని. ఏం కావచ్చో నాకు తెలియలేదు. సారుకూ తెలియలేదు. సారు అంటే సెంటర్ డైరెక్టర్. ఆయన హైదరాబాద్‌లో స్నేహితులకు ఫోన్ చేసి కనుక్కున్నారు. దాన్ని వైరస్ అంటారట. చిన్న ప్రోగ్రాం. ఫ్లాపీ మొదట్లోనే కూర్చుంటుంది. ఆ ఫ్లాపీతో మెషీన్ మొదలుపెడితే చాలు, మెషీన్ జ్ఞాపకంలోకి ఎక్కి, ఆ తర్వాత ఎవరు ఏ ఫ్లాపీ పెట్టినా దాని మీద తన కాపీ రాస్తుంది. తను దాక్కోవడానికి మూడు కేబీ చోటు పాడైపోయినట్టు గుర్తు పెట్టుకుంటుంది. అంతకుమించి పెద్ద నష్టం చేయదు.

దాన్ని చూడాలంటే ఒక చిక్కు ఉంది. అది ఎక్కి కూర్చున్న మెషీన్‌లో చూస్తే ఏమీ లేనట్టే కనిపిస్తుంది. అడిగినప్పుడు పాత మంచి అక్షరాలే చూపించి తను తప్పుకుంటుంది. ఆ కిటుకు సత్యక్క ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. ఒక్కసారి కూడా వాడని అసలు ఫ్లాపీ ఒకటి బీరువాలోంచి తెప్పించి, దానితో మెషీన్ మొదలుపెట్టి చూసింది. అప్పుడు బయటపడింది. లోపల రాసినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఏదో పరాయి ఊళ్లో వాళ్ల దుకాణం అడ్రసు, ఫోన్ నంబర్. మేమందరం ఆమె కుర్చీ వెనక నిలబడి చదివాం.

"చేసిందే ఎడ్డి పని, మళ్ల పేరు గూడ రాస్కున్నరు సూడుండ్రి" అని సత్యక్క నవ్వింది.

వారం రోజులు కూర్చుని సెంటర్‌లో ఉన్న ప్రతి ఫ్లాపీనీ శుభ్రం చేసింది. ఆ తర్వాత మెషీన్లు మొదలుపెట్టడానికి ఒకే ఒక్క ఫ్లాపీ తయారుచేసింది. ఫ్లాపీకి పక్కన చిన్న గాటు ఉంటుంది. దాని మీద స్టిక్కర్ అంటిస్తే ఇక ఆ ఫ్లాపీ మీద ఎవరూ, ఏ మెషీనూ కొత్తగా ఏమీ రాయలేదు. చదవడం వరకే. ఆమె ఎర్ర స్టిక్కర్ అంటించింది. "ఈ ఎర్ర దానితోనే మొదలువెట్టుండ్రి, ఇంకో దాన్ని ముట్టకుండ్రి" అని అందరికీ చెప్పింది.

ఆ శనివారం సారు పిల్లలందరినీ పిలిచి, వాళ్ల ముందు ఆమెను మెచ్చుకున్నారు. వచ్చే నెల నుంచి ల్యాబ్ ఇన్‌చార్జి సత్యవతమ్మే అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ కుర్చీ నాది అనుకుంటున్నాను అప్పటిదాకా. ఎవరూ నాకు ఇస్తామనలేదు. నాకు నేనే అనుకున్నాను. ఇంటికెళ్లి చెబితే మా నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "డిగ్రీ చదివి పదో తరగతి ఆమె కింద చేస్తవా? బజార్ల ఏమని చెప్పాలె నేను?" అన్నాడు. ఆ మాట నన్ను అటు నెట్టిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మా నాన్న ఆ మాట అనకముందే, చప్పట్లు కొడుతున్నప్పుడే, ఆమె ఆ కుర్చీలో కూర్చోకూడదని అనుకున్నాను. ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

మరునాడు ఆదివారం. సెంటర్ మూసి ఉంటుంది. తాళంచెవి ఒకటి నా దగ్గర ఉండేది. మధ్యాహ్నం భోంచేసి వెళ్లాను. ఎండకు రోడ్డు మీద మనుషులు లేరు. ఒక ఫ్లాపీని నేను శుభ్రం చేయడానికి ఇవ్వకుండా దాచుకున్నాను. ఎందుకు? ఆ వైరస్ ఎట్లా పనిచేస్తుందో చూద్దామని. అప్పటికి అంతే. దాన్ని తెరిచి, బ్రెయిన్ అన్న మాట ఉన్న చోట ఆమె పేరు రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో. లోపల అడ్రసు ఉన్న చోట వరంగల్ అని, ఇంకో రెండు మాటలు రాశాను. ఎక్కడ మాటలు ఆగి ఎక్కడ మెషీన్‌కు ఇచ్చే ఆజ్ఞలు మొదలవుతాయో నాకు సరిగ్గా తెలియదు. కొన్ని అక్షరాలు అవతలికి పోయాయి. పోయాయని అప్పుడు తెలియదు. పరీక్షించి చూస్తే పేరు వస్తోంది, ఒక ఫ్లాపీ నుంచి ఇంకో ఫ్లాపీకి పోతోంది. అంతే చూశాను.

సరదాకి చేశానని చెప్పుకున్నాను. సోమవారం సారు ఫ్లాపీ పెడతారు, లేబుల్‌లో ఆమె పేరు చూస్తారు, అందరూ నవ్వుతారు, వైరస్‌ను తరిమేసిందని అందరూ గొప్పగా చెప్పుకున్న మనిషి ఫ్లాపీల్లోనే వైరస్ ఉందని తెలుస్తుంది, కొంచెం పరువు పోతుంది, అంతే కదా అనుకున్నాను.

కానీ మీకు ఒకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. నేను ఆమె సొరుగులోంచి మెషీన్లు మొదలుపెట్టే ఫ్లాపీ తీశాను. ఎర్ర స్టిక్కర్ గోటితో మెల్లగా లేపాను. చిరగకుండా. నేను మార్చిన వైరస్‌ను దాని మీదికి ఎక్కించి, స్టిక్కర్ మళ్లీ అదే చోట అంటించాను. అంచులు వేలితో నొక్కాను. సరదాకి చేసేవాడు స్టిక్కర్ మళ్లీ అంటిస్తాడా? అంచులు నొక్కుతాడా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. జవాబు ప్రతిసారీ ఒకటే.

సోమవారం ఏమీ కాలేదు. మంగళవారమూ కాలేదు. సారు ఆ వారమంతా హైదరాబాద్‌లో ఉన్నారు. పిల్లలు లేబుళ్లు చూడరు. అన్నీ శుభ్రం చేశానన్న నమ్మకంతో సత్యక్క కూడా వాటిని మళ్లీ చూడలేదు. నాలుగు మెషీన్లు రోజూ ఎర్ర స్టిక్కర్ ఫ్లాపీతోనే మొదలయ్యేవి, సత్యక్క స్వయంగా పెట్టేది. ఆమె చేత్తోనే అది అన్ని ఫ్లాపీల్లోకీ పోయింది. నేను చూస్తూ ఉన్నాను. తీసేయొచ్చు. ఇంకో ఆదివారం వచ్చి అన్నీ తీసేద్దాం అనుకున్నాను. ఆ ఆదివారం మేనమామ కూతురి నిశ్చితార్థానికి వెళ్లాను.

మడికొండలో ఒక డాక్టరు గారు ఉండేవారు. ముసలాయన. టీబీ రోగులకు చిన్న దవాఖాన నడిపేవారు. ధర్మసాగర్ చుట్టుపక్కల ఊళ్లు, తొర్రూరు దాకా, ఎక్కడెక్కడి కూలి మనుషులో ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ రోగానికి మందు నెలల తరబడి వాడాలి. కొంచెం బాగుండగానే ఆపేస్తారు. ఆపితే మళ్లీ ముదురుతుంది. అందుకని ఎవరు ఏ రోజు రావాలో, ఎవరు రాలేదో జాబితా రాయించి, రానివాళ్లకు కార్డు ముక్క రాసి పంపేవారు. ఆ జాబితా అంతా సత్యక్క ఆయన చీటీలు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఎనిమిది నెలల పని. అది ఆమెకు మామూలు పని కాదు. రోగుల పేర్లు ఆమెకు నోటికి వచ్చేవి. "పాపం ఈ ఎల్లమ్మ రెండు నెలల సంది వస్తలేదు తమ్మీ, ఏమైందో" అని టైపు చేస్తూ బాధపడేది. ఒక ఫ్లాపీలో అసలు, ఇంకో ఫ్లాపీలో కాపీ పెట్టుకునేది. రెండూ మా మెషీన్లలోనే తిరిగేవి.

మూడోవారం ఒక పిల్లాడు అరిచాడు. "అక్కా, నా ఫ్లాపీల నీ పేరొస్తాంది!"

అందరూ గుమిగూడి నవ్వారు. సత్యక్క కూడా ముందు నవ్వింది. తర్వాత తెరకు దగ్గరగా వంగి చూసింది. నవ్వు పోయింది. లేచి, డాక్టరు గారి ఫ్లాపీ తీసి పెట్టింది. తెరుచుకోలేదు. ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే పట్టీ ఒకటి ప్రతి ఫ్లాపీలో ఉంటుంది. ఆ పట్టీ ఉన్న చోట పిచ్చి అక్షరాలు ఉన్నాయి. నేను అవతలికి పోనిచ్చిన అక్షరాలు చేసిన పని అది. అన్ని ఫ్లాపీల్లో జరగలేదు, కొన్నిట్లోనే. కాపీ ఫ్లాపీ పెట్టింది. అదీ అంతే. రెండు ఫ్లాపీలనూ మార్చి మార్చి పెట్టి చూసింది.

మామూలు వైరస్ ఈ నష్టం చేయదు. నేను మార్చింది చేసింది.

సాయంత్రం సారు తన గదిలోకి పిలిచారు. ఆమెను, నన్ను. డాక్టరు గారు అప్పుడే వచ్చి వెళ్లారు. ఆయన కోప్పడలేదట, తల పట్టుకుని కూర్చున్నారట. అసలు చీటీలు చాలావరకు చెదలు పట్టి పారేశారట, కంప్యూటర్‌లో ఉంది కదా అని.

ఆ గదిలో మాట్లాడింది ఒక్కొక్క మాటా నాకు గుర్తుంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు విన్నానో.

"ఎర్ర స్టిక్కర్ ఫ్లాపీ ఎవరి దగ్గరుంటదమ్మా?" అన్నారు సారు.

"నా దగ్గరనే సార్."

"స్టిక్కర్ ఎవరన్న తీసినట్టుందా?"

ఆమె ఫ్లాపీ తీసి, వెలుతురుకు పెట్టి చూసింది. "లేదు సార్. నేను పెట్టింది పెట్టినట్టే ఉంది."

తీసినట్టుందని అనొచ్చు కదా. అనుమానంగా ఉంది సార్ అని ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు. కనిపించింది చెప్పింది.

"వాళ్లు గూడ పేర్లు రాస్కున్నరని నువ్వే సూపించినవ్ గద. నువ్వు గూడ సరదా పడ్డవా? తప్పు చేద్దామని చేసినవని అంటలేను. తెలివి చూపిద్దామనుకున్నవ్, చెయ్యి జారింది. గంతేనా?"

"సార్, నేను చెయ్యలే సార్. మా అమ్మ మీద ఒట్టు."

"మరి ఇంకెవరికొస్తదమ్మా ఈ పని? దాని లోపలికి పోయి చూసింది నువ్వొక్కదానివే."

అప్పుడాయన నా వైపు తిరిగారు.

"నీకొస్తదా?"

ఇక్కడే ఆగుతాను కొంచెం.

నాకు వస్తుందని అందరికీ తెలియాలని కదా ఇదంతా చేసింది. ఆమెకంటే నాకే ఎక్కువ వచ్చని, కుర్చీ నాకు రావాలని కదా. ఆ ప్రశ్న కోసమే నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. నీకొస్తదా అని ఒక పెద్దమనిషి అడిగాడు. నేను తల వంచుకున్నాను.

"నాకంత రాదు సార్" అన్నాను.

సత్యక్క నా వైపు చూసింది. నేను ఆ సెంటర్‌లో ఏం చేయగలనో, ఏం చేయలేనో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నేర్పింది ఆమే. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. అర్థమైందా? అర్థమై ఊరుకుందా? లేక, తమ్ముడు భయపడుతున్నాడు పాపం అనుకుందా? ఇన్నేళ్లూ ఒక్కోరోజు ఒక్కో విధంగా అనిపిస్తుంది. మూడోదే నిజమైతే నాకు ఇంకా కష్టం.

ఆమెను మానేయమన్నారు. పోలీసులు, గొడవలు ఏమీ లేవు. రేపటి నుంచి రావద్దమ్మా అన్నారు, అంతే. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నేను వెనక నిలబడి ఉన్నాను. టిఫిన్ డబ్బా సంచి భుజానికి వేసుకుంది.

"పోతాన తమ్మీ. డాక్టర్ సారు లిస్టు మొత్తం పోలే. నాకు యాదికున్న పేర్లు రాత్త. రేపు మా అమ్మతోని పంపుత. జర ఆయనకు అందేటట్టు చూడు."

సరే అక్కా అన్నాను.

మర్నాడు వాళ్ల అమ్మ వచ్చి నోటుపుస్తకం ఇచ్చి వెళ్లింది. నూటికి పైగా పేర్లు, ఊళ్లు, కొన్నింటికి తేదీలు. అది డాక్టరు గారికి ఇచ్చాను. ఆ ఒక్కటి మాత్రం చేశాను. ఇందులో గొప్పేమీ లేదు, చేయకపోతే మనిషినే కాను. మిగతా పేర్లు ఏమయ్యాయో, వాళ్లకు కార్డులు వెళ్లాయో లేదో, ఎవరైనా మందు మధ్యలో ఆపి మళ్లీ రాలేదేమో, నేను అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయం. ఎల్లమ్మ వచ్చిందా అని కూడా అడగలేదు.

ల్యాబ్ ఇన్‌చార్జి నేనయ్యాను. మా నాన్న బజార్లో మిఠాయి పంచాడు.

ఊళ్లో అప్పటికి ఇలాంటి సెంటర్లు ఇంకో రెండు మూడు వచ్చాయి. సత్యక్క వాటికి వెళ్లి అడిగిందని తెలిసింది. ఎవరూ తీసుకోలేదు. పిల్లలు ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు ఫ్లాపీలు పట్టుకుపోతారు కదా. ఆమె వెళ్లేసరికి ఆమె పేరు ముందే అక్కడికి వెళ్లి కూర్చుంది. వైరస్ సత్యవతి అనేవాళ్లట. అది నాకు చెప్పినవాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

మరుసటి సంవత్సరం నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. చేరిన రెండో నెలలో పక్క సీటు అతను ఒక ఫ్లాపీ పెట్టి, "ఇదేంది, ఎవరిదో ఆడపేరు వస్తాంది లేబుల్ల. ఎవడో లవర్ పేరు పెట్టుకున్నట్టున్నడు" అన్నాడు. వంగి చూశాను. ఆమె పేరే. నేను రాసిన అక్షరాలే. వరంగల్ నుంచి ఎన్ని చేతులు మారి వచ్చిందో. తర్వాత ఇంకో ఏడాదికి మళ్లీ కనిపించింది, ఈసారి సగం పేరే. ఎవరో దాన్ని మళ్లీ మార్చారు. ముందు భాగం ఉంచి, వెనక వాళ్లకు నచ్చిన గుర్తు ఏదో పెట్టుకున్నారు. ఆ రోజుల్లో అలా ఎందరో మార్చేవాళ్లు. ఒకటి లేబుల్ రాసేది, ఇంకొకటి రాయకుండా దాక్కునేది, ఒకదాంట్లో అడ్రసు ఉండేది, ఇంకొకదాంట్లో ఉండేది కాదు. అదే వైరస్‌కు ఎన్నో రకాలు. తర్వాత ఒక పత్రికలో అలాంటి రకాల జాబితా వేస్తే, నాది ఉందేమోనని వెతికాను. లేదు. లేదని ఊపిరి పీల్చుకున్నాను. ఏం ఊపిరి అది? ఆమె ఆ జాబితాలో లేకపోతే ఆమెకు ఒరిగిందేమిటి?

కొన్నేళ్ల తర్వాత హన్మకొండ వచ్చినప్పుడు, కోర్టు గోడ పక్కన టైపు చేసేవాళ్ల వరసలో ఆమె కనిపించింది. రేకు కింద బల్ల, పాత టైపు మిషిను. జుట్టు సగం నెరిసింది. చెప్పేద్దామని నిశ్చయించుకుని, ఆ రోజు కాదు, మరునాడు వెళ్లాను. ఒట్టి చేతులతో వెళ్లలేక ఏదో దరఖాస్తు టైపు చేయించాలన్న వంకతో వెళ్లాను.

గుర్తుపట్టింది. "ఓ తమ్మీ! ఎట్లున్నవ్ రా? పెండ్లయిందా? పిల్లలా?" అని చెయ్యి పట్టుకుంది. పక్కన టైపు చేసే ఆమెకు, "మా తమ్ముడు. కంప్యూటర్ల పెద్ద ఆఫీసరు" అని చెప్పింది. నా దరఖాస్తు ఒక్క తప్పు లేకుండా కొట్టి ఇచ్చింది. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఆమే అడిగింది, గొంతు తగ్గించి.

"తమ్మీ, ఆ డాక్టర్ సారు లిస్టు మళ్ల దొరికిందా? నేను రాసినయి కొన్నే గద. మిగిలినోళ్ల సంగతి ఎప్పటికీ మనసుల మెదుల్తది."

ఇన్నేళ్లూ ఆమె తన ఉద్యోగం గురించి కాదు, ఆ పేర్ల గురించి ఆలోచిస్తోంది.

"దొరికిందక్కా" అన్నాను. "ఇంకో ఫ్లాపీల కాపీ ఉండె. మొత్తం దొరికింది."

"నిజమా?" అంది. కళ్లు మూసుకుని తెరిచింది. "సల్లగుండు బిడ్డా. ఎంత ఫికరుండెనో నాకు."

అది అబద్ధం. ఏ కాపీ దొరకలేదు. ఆమెకు ఊరట కోసం చెప్పానా? నిజం చెప్పే సందు మూసేయడానికి చెప్పానా? ఆ క్షణంలో ఆమె ముఖం అంత తేలికగా అయిపోవడం చూశాక, దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. చెబితే ఆ ముఖం మళ్లీ ఎట్లా అయ్యేదో! ఇది కూడా నన్ను నేను సమర్థించుకోవడమే. తెలుసు నాకు.

మళ్లీ కలవలేదు. చాలా ఏళ్లకు, ఉద్యోగం విరమించాక, శివనగర్ వెళ్లాను. ఇల్లు కనుక్కోవడానికి గంట పట్టింది. వాకిట్లో వేరే వాళ్ల బట్టలు ఆరేసి ఉన్నాయి. పక్కింటావిడ, "సత్తెమ్మనా? పోయి మూడేండ్లాయె అయ్యా. మంచి మనిషి. మీరేమైతరు?" అంది. తెలిసినవాణ్ని అన్నాను.

క్షమించమని అడగడానికి మనిషి లేదు. ఉన్నా అడగగలిగేవాణ్నో లేదో. ఆమె తరఫున నన్ను క్షమించే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. చివర్న నా పేరు రాద్దామని కలం పెట్టాను. రెండుసార్లు పెట్టాను. చెయ్యి కదల్లేదు. ఇంకొకరి పేరు రాయడానికి ఒక మధ్యాహ్నం చాలిన చెయ్యే ఇది. నాలో ఉన్న ధైర్యం ఇంతే. ఉన్నంత మటుకు రాస్తున్నాను.

హన్మకొండలో ఆ రోజుల్లో ఆ సెంటర్‌లో చదివినవాళ్లు, ఆ పేరు మీద నవ్వినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఎవరి గురించి రాశానో పోల్చుకుంటారు. వాళ్లకు చెబుతున్నాను. ఆమె ఆ పని చేయలేదు. చేసింది నేను.

రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అంతకుమించి ఏమీ మారలేదు.